2 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కొన్నా, విప్పితే మెమరీ కార్డు

పాత ఐమ్యాక్‌కి (యాపిల్ డెస్క్‌టాప్ కంప్యూటర్) బయటి ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే స్టోరేజ్, తగిలిద్దామనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

నాది 2015 చివర్లో వచ్చిన 21.5 అంగుళాల మోడల్. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. లోపల 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్. పొద్దున ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగొచ్చినా ఇంకా రంగుల చక్రం తిరుగుతూనే ఉంటుంది. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేశారు, పెంచే దారి లేదు. డిస్క్ మార్చాలంటే స్క్రీన్ జిగురు కోసి ఊడదీయాలి, పగిలిందా అంతే సంగతులు. అందుకే యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ చేద్దామనుకున్నా, అంటే కంప్యూటర్ దాన్నుంచే మొదలయ్యేలా. ఆలోచనలో తప్పు లేదు, కొన్న సరుకే దొంగ సరుకు.

ఆన్‌లైన్‌లో 2 టీబీ, 1,899 రూపాయలు. బోలెడు రివ్యూలు. తర్వాత తీరిగ్గా చదివితే సగం ఫోన్ కవర్ల గురించి! చేతికి బరువుగానే తగిలింది. మ్యాక్‌లో డిస్కుల వివరాలు చూపే డిస్క్ యుటిలిటీ కూడా 2 టీబీ అనే చూపించింది. రాత్రి మాంటెరీ (మ్యాక్ ఓఎస్ వెర్షన్) ఇన్‌స్టాల్ పెట్టి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి అయింది. ఆప్షన్ కీ పట్టుకుని దాన్నుంచి బూట్ చేస్తే పాత డిస్కే నయమనిపించింది. ముసలి మెషీన్ కదా అని సరిపెట్టుకుని, ఆల్బమ్ ఫైళ్లు కూడా దాంట్లోకే తోశాను. తొమ్మిదో రోజు తెరిస్తే పెళ్లికూతురు మెడ దాకా ఉంది, కింద అంతా బూడిద రంగు.

అప్పుడు సిస్టమ్ రిపోర్ట్ చూశా. స్పీడు 480 ఎంబీపీఎస్, అంటే పాత, నెమ్మదైన యూఎస్‌బీ 2. నా పోర్టు 5 జీబీపీఎస్‌ది. ఛార్జింగ్ కేబుల్ పెట్టినా ఇలాగే చూపిస్తుంది కాబట్టి కేబుల్ మార్చి చూశా, అదే అంకె. ఎఫ్3 అనే ఉచిత టూల్‌తో 100 జీబీ రాయించి తిరిగి చదివిస్తే సగం కూడా దక్కలేదు. స్క్రూలు విప్పా. వేలెడంత బోర్డు, గ్లూగన్ జిగురుతో అంటించిన 64 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు, బరువుకో ఇనప ముక్క. 2 టీబీ అని అబద్ధం చెప్పేలా ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మార్చారు. కార్డు నిండాక కూడా కంప్యూటర్ కాపీ అయిందనే చెబుతుంది, డేటా మాత్రం ఎక్కడా ఉండదు.

రిటర్న్ గడువు 7 రోజులే. మీరైతే పార్సిల్ విప్పిన రోజే, ఓఎస్ ఎక్కించకముందే ఎఫ్3 నడపండి. విండోస్‌లో అయితే అదే పని చేసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది.

తర్వాత బిల్లు తీసుకుని షాపులో 500 జీబీది కొన్నా, నిమిషం లోపే డెస్క్‌టాప్ వస్తోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదు నంబరైతే ఇచ్చారు, డబ్బు ఇంకా రాలేదు.