టెట్రాల మధ్య ఏ సిక్లిడ్ వేయాలి? ముందు అది గుడ్లు ఎక్కడ పెడుతుందో చూడండి

నాలుగడుగుల చేపల ట్యాంకు, అందులో టెట్రాలు, గప్పీలు లాంటి చిన్న చేపలు, కింద నేల మీద తిరిగే నాలుగు కోరీలు. "ఒక సిక్లిడ్ కూడా వేద్దామనుంది, ఏది కలుస్తుంది?" ఈ మధ్య ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. షాపులో అడిగితే "ఏదైనా కలుస్తుంది సార్" అంటారు. రెండంగుళాల పిల్లగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట అబద్ధం కూడా కాదు.

నన్నడిగితే ఏది సాధువు, ఏది రౌడీ అనే పట్టికలతో పని లేదు. ఏంజెల్, రామ్, క్రిబెన్సిస్ లాంటి సిక్లిడ్లు గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాసే జాతి. జత కట్టిన రోజు నుంచి అది మీరు కొన్న చేప కాదు. ఆ జత గుడ్లు ఎక్కడ పెడుతుందో తెలిస్తే, మీ ట్యాంకులో ఎవరు ఇల్లు ఖాళీ చేయాలో తెలిసిపోతుంది.

ఏంజెల్ నిలువుగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. స్వోర్డ్ మొక్క ఆకు, ఫిల్టర్ గొట్టం, ఏదీ లేకపోతే అద్దం. అంటే సరిగ్గా టెట్రాలు తిరిగే ఎత్తు. నేను ఆరు పిల్లలు తెచ్చి పెంచాను. ఎనిమిదో నెలలో రెండు జత కట్టి ఫిల్టర్ గొట్టం పట్టుకున్నాయి. మిగతా నాలుగూ, టెట్రాలన్నీ కలిసి హీటరు మూలకి చేరాయి. సగం ట్యాంకు ఆ ఇద్దరిదే. పైగా నియాన్ టెట్రా అంటే ఎదిగిన ఏంజెల్ నోటికి సరిపోయే ముద్ద. అందం విషయంలో దాన్ని మించింది లేదని ఒప్పుకుంటాను. ఏంజెలే కావాలంటే నీటి ఎత్తు కనీసం అడుగున్నర ఉండాలి, పక్కన పెద్ద సైజు చేపలే ఉండాలి.

రామ్ చదునైన రాయి మీద పెడుతుంది, దాని చుట్టూ ఓ అడుగు మేర కాచుకుని ఊరుకుంటుంది. ఈ లెక్కన మొదటి మార్కు దానికే రావాలి. కానీ అది వెనిజులా, కొలంబియా మైదానాల మెత్తటి (లవణాలు తక్కువున్న) నీళ్ళ చేప. 28 డిగ్రీల వేడి కూడా కావాలి. మా బోరు నీళ్ళు గట్టివి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 700 దాటుతుంది. రెండు జతలు తెచ్చాను, రెండూ నెల తిరక్కుండానే పోయాయి. ఆర్వో నీళ్ళు కలిపే ఓపిక ఉన్నవాళ్ళు రామ్ దగ్గరే ఆగిపోవచ్చు, ముందుకు చదవక్కర్లేదు.

నేను ఆగింది క్రిబెన్సిస్ దగ్గర. నైజీరియా, కామెరూన్ ప్రాంతపు చేప. కాస్త గట్టి నీళ్ళని కూడా ఓర్చుకుంటుంది. సగం కొబ్బరి చిప్ప బోర్లించి, అంచున చిన్న దారి చెక్కితే చాలు, దాని పైకప్పుకి గుడ్లు అంటిస్తుంది. ఆడచేప పొట్ట చెర్రీ రంగుకి తిరిగి, అదే మగచేపని పిలుచుకుపోయే తీరు చూడాలి. (నీళ్ళు ఆమ్లం వైపుంటే పిల్లల్లో మగవి ఎక్కువవుతాయట, పరీక్షించేంత తీరిక నాకు లేదు.) గొడవంతా నేల మీదే. వారం పది రోజులకి పిల్లల గుంపుని ఇసుక మీద మేతకి తిప్పుతాయి, అప్పుడు కోరీలకి నరకం. కోరీకి బెదిరింపు అర్థం కాదు, రాత్రి మళ్ళీ అదే దారిన వస్తుంది. వాటి కళ్ళు పొడిచేదాకా పోతుంది వ్యవహారం. మా కోరీలని వేరే ట్యాంకులోకి మార్చక తప్పలేదు. పై నీళ్ళలో తిరిగే గప్పీలు, జీబ్రా డానియోల జోలికి మాత్రం పెద్దగా రావు.

ఆఫ్రికాలోని మలావీ సరస్సు రాళ్ళ మధ్య బతికే ఎంబూనా సిక్లిడ్లకి మన బోరు నీళ్ళు బాగా నచ్చుతాయి, నిజమే. ఆడది గుడ్లని నోట్లోనే మోస్తుంది కాబట్టి గూడు తగాదా ఉండదనుకోకండి, అక్కడ మగచేప ఏడాది పొడుగునా తన రాయిని కాస్తూనే ఉంటుంది. టెట్రాల మధ్య పెట్టే చేప కాదు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద సిక్లిడ్లు అసలీ లెక్కలోకే రావు.

క్రిబెన్సిస్ తెచ్చేటట్టయితే నాలుగు చిన్నవి తెచ్చి, జత కట్టాక మిగతా రెండూ వెనక్కి తీసుకుంటారా అని షాపులో ముందే అడగండి. కొబ్బరి చిప్పని మధ్యలో కాదు, ఒక చివర మూలలో పెట్టండి. ట్యాంకు మధ్యలో నాలుగు మొక్కలు అడ్డం నాటితే అవతలి రెండడుగులూ మిగతా చేపలకి దక్కుతాయి.