తిరుపతి బస్టాండు దగ్గరి గోలీసోడా అంగడి: ఐసు తొట్టిలోని సీసానే అడగండి

తిరుపతి ఆర్టీసీ బస్టాండుకు దగ్గరలో ఉన్న ఈ చిన్న అంగడికి ఈ వేసవిలో నాలుగైదు సార్లు వెళ్లాను. నన్నారి సోడా ఇక్కడ చక్కగా కుదురుతుంది. తీపి మితంగా ఉంటుంది, నిమ్మకాయను అడిగాకే కోసి పిండుతారు, గ్లాసులను మన కళ్ల ముందే కడుగుతారు. సోడాలోని ఘాటు మాత్రం సీసాను ఎక్కడి నుంచి తీశారన్న దాన్ని బట్టి మారిపోతుంది.

ఐసు తొట్టిలోంచి తీసిన సీసాలో గోలీని నొక్కితే కీచుమంటుంది, సన్నని బుడగలు చివరి గుక్క దాకా లేస్తూనే ఉంటాయి. ఒక మధ్యాహ్నం, రద్దీ వల్ల కాబోలు, ఎండలో ఉన్న ట్రేలోంచి తీసి ఇచ్చారు. నురగ ఒక్కసారిగా పొంగి చేతి మీదుగా కారిపోయింది, గ్లాసులో మిగిలింది చప్పని నీళ్లు. అడిగితే యజమాని, "ఎండకు పెడితే గ్యాసు నీళ్లలో నిలవదు సార్, గోలీ నొక్కుతానే ఎగిరిపోతుంది" అన్నారు.

రసాయనశాస్త్రం చెప్పే నాకు ఆ మాట సముద్రాన్ని గుర్తుచేసింది. సోడాలోని గ్యాసు కార్బన్ డయాక్సైడే, నీళ్లు వేడెక్కేకొద్దీ అది తక్కువగా కరుగుతుంది. సాధారణ వాతావరణ పీడనం వద్ద శుద్ధమైన కార్బన్ డయాక్సైడును మంచినీటిలోకి పంపితే, 0 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 3.3 గ్రాములు కరుగుతుంది, 20 డిగ్రీల వద్ద దాదాపు 1.7 గ్రాములే కరుగుతుంది. మనం ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడులో పావు వంతు దాకా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. 1970ల నుంచి భూమిపై పోగైన అదనపు వేడిలో 90 శాతానికి పైగా చేరిందీ వాటిలోకే. పైపొర వేడెక్కి తేలికైతే అడుగునున్న చల్లని నీటితో కలవడం తగ్గుతుంది, కరిగిన వాయువు లోతుకు దిగడమూ మందగిస్తుంది. ఇదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

సముద్రం అచ్చంగా సోడా సీసా కాదన్నదీ చెప్పాలి. అక్కడ కరిగిన వాయువులో అధిక భాగం నీటితో చర్య జరిపి బైకార్బనేటుగా, అంటే బుడగలుగా ఎగిరిపోని రూపంలోకి మారిపోతుంది. పైగా గాలిలో కార్బన్ డయాక్సైడు పారిశ్రామిక విప్లవానికి ముందున్న 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280) నుంచి 420 దాటినందువల్ల సముద్రం ఇంకా పీల్చుకుంటూనే ఉంది, కానీ చల్లగా ఉంటే పీల్చుకోగలిగినంత పీల్చుకోలేకపోతోంది.

సోడా ధర 20 రూపాయలు, ఆ రుచికి సబబే. ట్రేల మీద తడి గోనెపట్టా కప్పమని యజమానిని అడిగాను, సరేనన్నారు. అంతవరకు మధ్యాహ్నం వెళ్లేవారు తొట్టిలోని సీసానే అడిగి తీసుకోండి.