తిరుపతిలో ఓటీఎన్ క్లాసు: మూడు ఆదివారాలు బంగారం, నాలుగోది హడావిడి

చిత్తూరులో ట్రాన్స్‌మిషన్ మెయింటెనెన్స్‌లో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. ఫైబర్ ఎక్కడ తెగిందో ఓటీడీఆర్ మీటరు పెట్టి చెప్పగలను, తెగినదాన్ని అతికించే స్ప్లైసింగ్ చేయగలను, కానీ రాక్‌లో ఓటీఎన్ (ఫైబర్ మీద డేటాను దూరాలకు మోసే ఆప్టికల్ ట్రాన్స్‌పోర్ట్ నెట్‌వర్క్) కార్డు మీద అలారం వచ్చిందంటే మాత్రం ఫోన్ తీసి పైవాళ్లను అడగాల్సిందే. అందుకే తిరుపతి బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న శిక్షణా కేంద్రం ఈ ఓటీఎన్ ప్రమాణాల మీద నాలుగు ఆదివారాల క్లాసు పెడుతోందని తెలియగానే 4,500 రూపాయలు కట్టేశాను.

మొదటి రోజు క్లాసు మొదట్లో సార్ బోర్డు మీద ఒక్క ప్రమాణం నంబరు కూడా రాయలేదు. ఓటీఎన్‌కు ముందున్న పాత ట్రాన్స్‌మిషన్ పద్ధతి ఎస్‌డీహెచ్ నుంచి మొదలుపెట్టారు. అందులో ఫ్రేమ్ (డేటాను కట్టి పంపే మూట) ఎప్పుడూ 125 మైక్రోసెకన్లకు ఒకటే, వేగం పెరిగేకొద్దీ ఫ్రేమే పెద్దదవుతుంది. ఓటీఎన్‌లో ఇది తిరగబడింది. ఫ్రేమంటే బైట్ల 4 వరుసలు, 4080 కాలమ్‌లు, ఫైబర్ మీద పోయే ఓటీయూ సిగ్నల్ 2.5 గిగాబిట్ల తరగతి ఓటీయూ1 అయినా 100 గిగాబిట్ల ఓటీయూ4 అయినా అదే కొలత, మారేది టైము. ఓటీయూ1లో ఒక ఫ్రేముకు సుమారు 49 మైక్రోసెకన్లు పడితే ఓటీయూ2లో 12, ఓటీయూ4లో 1.17 మాత్రమే. "కొండకు పోయే బస్సులు చూడండి, రద్దీ పెరిగిందని ఘాట్ రోడ్డు మలుపుల్లో పొడుగు బస్సు తిప్పలేం గదా, అదే బస్సును వెంటవెంటనే వదలాల" అన్నారు సార్. ఇన్నేళ్లుగా బుర్రకెక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది.

తర్వాత ఓటీఎన్‌కు అసలు ప్రమాణమైన జి.709 కథ. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ దాన్ని మొదట 2001లో తెచ్చింది. ఫ్రేమ్‌లో చివరి 256 కాలమ్‌లు తప్పులు దిద్దడానికే. ప్రతి 239 బైట్లకు 16 తనిఖీ బైట్లు జతచేస్తారు, 8 బైట్ల దాకా చెడినా అవతలి వైపు సరిచేసుకుంటుంది. మా స్టేషన్‌లో ఒక లింక్ మీద దిద్దిన తప్పుల లెక్క రోజురోజుకీ పెరుగుతుంటే, కస్టమర్ ఫిర్యాదు లేదు కదా అని వదిలేసేవాళ్లం. దిద్దే శక్తికీ ఒక హద్దుందని, ఆ హద్దు దాటినరోజు లింక్ ఒక్కసారిగా పడిపోతుందని, ఆ లెక్క మనకు ముందుగా వచ్చే హెచ్చరికని అక్కడ తెలిసింది. మరుసటి రోజు డ్యూటీకి వెళ్లగానే ఆ కనెక్టర్ విప్పి శుభ్రం చేశాను, లెక్క తగ్గింది. ఫీజు నాకు అక్కడే గిట్టింది.

రెండో ఆదివారం టీసీఎం (దారిని ముక్కలుగా విడిగా కొలిచే పద్ధతి) గురించి పూర్తిగా మూడు గంటలు. ఒకే సర్క్యూట్ రెండు మూడు సంస్థల నెట్‌వర్క్‌ల మీదుగా పోతుంటే ఎవరి ముక్కను వాళ్లు విడిగా కొలుచుకోవడానికి ఓడీయూ (ఓటీయూ లోపల సరుకును, అంటే కస్టమర్ డేటాను మోసే పెట్టె) ఓవర్‌హెడ్‌లో, అంటే నిర్వహణకు ఉంచిన బైట్లలో, ఆరు స్థాయిలున్నాయి. మాకు ఒక సర్క్యూట్‌లో ఎర్రర్లు వస్తే "మా వైపు బాగుంది" అని అందరూ అనడం, మధ్యలో మేం రాత్రంతా టెన్షన్‌తో కూర్చోవడం చాలాసార్లు జరిగింది. ఆ ఆరు స్థాయిల్లో ఒక్కటైనా ముందే ఆన్ చేసి ఉంటే ఏ ముక్కలో తప్పుందో కార్డే చెప్పేది.

మూడో రోజు నాకు బాగా నచ్చింది. ప్రమాణం ఎందుకు మారిందో ప్రతిసారీ పట్టని సరుకును చూపించి చెప్పారు. గిగాబిట్ ఈథర్‌నెట్‌ను ఓడీయూ1లో పెడితే సగం చోటు వృథా, అందుకే 1.25 గిగాబిట్ల ఓడీయూ0 పుట్టింది. 10 గిగాబిట్ ఈథర్‌నెట్ అసలు లైన్ వేగం 10.3125 గిగాబిట్లు, ఓడీయూ2 లోపల సరుకుకున్న చోటు 9.995. పట్టదు కాబట్టి కొందరు అదే ఫ్రేమును కాస్త వేగంగా నడిపి ఓడీయూ2ఈ చేసుకున్నారు. 100 గిగాబిట్ ఈథర్‌నెట్ కోసం 2009 సవరణలో ఓడీయూ4 చేరింది. మా స్టోరులో ఓటీయూ2, ఓటీయూ2ఈ కార్డులు విడివిడిగా ఎందుకున్నాయో, ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఎందుకు పనిచేయలేదో ఆరోజు అర్థమైంది.

నాలుగో ఆదివారం మాత్రం నిరాశే. 100 గిగాబిట్లు దాటాక ఏం జరిగిందనే భాగం మొత్తం ఒక పూటలో తోసేశారు. 2016లో ఓటీయూసీఎన్ వచ్చింది, అంటే 100 గిగాబిట్ల ముక్కలు ఎన్ని కావాలంటే అన్ని కలపడం. అందులో ఫ్రేమ్ 3824 కాలమ్‌లకే ఆగుతుంది. మరి తప్పులు దిద్దే కాలమ్‌లు ఏమయ్యాయని అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు, ఆ తర్వాత రానేలేదు. ఇంటికొచ్చి చదివితే దొరికింది: పక్క గదికి పోయే లింకుకు, వందల కిలోమీటర్లు పోయే లింకుకు ఒకే దిద్దుబాటు సరిపోదు కాబట్టి దాన్ని ఫ్రేమ్ నుంచి తీసి ఇంటర్‌ఫేస్‌కు అప్పగించారు, ఫ్లెక్స్‌ఓ అన్నది అదే. ఇంత ముఖ్యమైన మార్పును చెప్పకుండా వదలడం సరికాదు. 400 గిగాబిట్ల మాడ్యూళ్ల ఒప్పందమైన 400జడ్ఆర్‌దీ అదే కథ, ఒక స్లైడ్‌తో సరి. 2020లో ఆప్టికల్ కంపెనీల కూటమి ఓఐఎఫ్ తెచ్చిన ఆ ఒప్పందంతో రౌటర్‌లో దూర్చే చిన్న మాడ్యూలే యాంప్లిఫయర్ల సాయంతో తిరుపతి, చిత్తూరు మధ్య ఉన్నంత దూరాన్ని దాటేస్తుంది. అలాంటప్పుడు మధ్యలో మా ఓటీఎన్ పెట్టె ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు అన్న చర్చ మాలాంటివాళ్లకు ఉద్యోగంతో ముడిపడిన విషయం. ఇచ్చిన నోట్స్ కూడా 2016కు ముందుదే. టెస్ట్ సెట్ ఒక్కటి కూడా లేదు, అలారాలన్నీ బొమ్మల్లోనే చూశాం.

నోట్స్ కోసం బయట డబ్బు పెట్టకండి, జి.709 తాజా ప్రతి ఐటీయూ వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుతుంది. ఎస్‌డీహెచ్ తెలిసి ఓటీఎన్ అంటే భయపడే ఫీల్డ్ వాళ్లు మాత్రం తప్పకుండా వెళ్లండి, మొదటి మూడు రోజులు అంత విలువైనవి. ఇప్పటికే 400 గిగాబిట్ల మీద పనిచేసేవాళ్లకు ఇది చాలదు. క్లాసు తొమ్మిదింటికే మొదలవుతుంది కాబట్టి చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు ఆరున్నర లోపు బస్సెక్కాలి. ఫ్లెక్స్‌ఓకి విడిగా అయిదో ఆదివారం పెట్టండి సార్, మళ్లీ డబ్బు కట్టి వస్తానని చెప్పే వచ్చాను.