రెండోసారి బరువు ఆపరేషన్: కంపెనీ ఇన్సూరెన్సా, సొంత పాలసీనా, ఏది మేలు?

ముందు నా లెక్క చెప్పేస్తా, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. 2018లో 118 కేజీలుండేదాన్ని, బెంగళూరుకు పోయి స్లీవ్ (పొట్టను కోసి చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకున్నా, ఏడాదిన్నరలో 74కి దిగినా, కరోనా తర్వాత మెల్లగా ఎక్కుతా ఎక్కుతా పోయిన ఏడాదికి 91. బరువు ఒక్కటే అయితే ఎట్లోకట్ల నెట్టుకొచ్చేదాన్నే గానీ అసలు బాధ గొంతులో మంట. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్ళు ముక్కులోకి వచ్చేవి, మూడేళ్ళు రెండు పూటలా గ్యాస్ మాత్రలు, మూడు దిండ్లు పేర్చుకుని కూర్చున్నట్టే నిద్ర. సాయినగర్‌లో మా డాక్టరు ఎండోస్కోపీ చేసి, ఇది మాత్రలతో పోయేది కాదమ్మా, స్లీవ్‌ని బైపాస్‌గా (గుండెది కాదు, పొట్టది) మార్చాల్సిందే అన్నాడు. బెంగళూరు ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ 5 లక్షల 60 వేలు.

ఇంట్లో రెండు పాలసీలున్నాయి. ఒకటి మా ఆయన పెనుకొండ దగ్గర పనిచేసే కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ, రెండోది మేము 2020లో తీసుకున్న సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లోవాళ్ళందరికీ కలిపి ఒకే కవర్). మా ఆడబిడ్డ ఏమో "వదినా, అవన్నీ ఎందుకు, మంచి కంపెనీదొకటి కొత్తగా తీసుకో" అంటుంది. మా నాన్న అయితే తోట మీద లోన్ తీస్తా, ఈ కాగితాల గోల నాకు వద్దంటాడు.

కొత్త పాలసీ మాట ఒక్క ముక్కలో తేల్చేస్తా. 2024 నుంచి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం) గరిష్ఠంగా మూడేళ్ళకు తగ్గించినారు, నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీ మీద జీఎస్టీ కూడా తీసేసినారు, అదీ నిజమే. కానీ ఈరోజు ఆపరేషన్ కావాల్సిన మనిషికి మూడేళ్ళ తర్వాత వచ్చే పాలసీ దేనికి? పోర్టింగ్ (ఉన్న పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం) అయితే పాత వెయిటింగ్ కలిసొస్తుంది గానీ రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందే అడగాల, పైగా "స్లీవ్ అయింది, మళ్ళీ ఆపరేషన్ చెప్పినారు" అని ఫారంలో చదివిన కొత్త కంపెనీ రమ్మని పిలవదు, వద్దనే హక్కు వాళ్ళకుంది. కాబట్టి అది పక్కన పెట్టేయండి.

ఇంక అసలు పోటీ గ్రూప్ పాలసీకీ సొంత పాలసీకీ. నేను కూడా మొదట ఇట్లనే అనుకున్నా. తీరా చూస్తే ఏ పాలసీ అనేదానికంటే ముందు, ఆపరేషన్ ఏ కారణానికి అని కాగితం మీద రాసినారు అనేదే మొత్తం తేలుస్తుంది. అది అర్థమయ్యేదానికి నాకు ఒక తిరస్కరణ పట్టింది.

2018లో నా మొదటి ఆపరేషన్ అప్పుడు ఊబకాయం అనే మాట వింటేనే పాలసీలు మొహం తిప్పుకునేవి, మొత్తం చేతి డబ్బే. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ళు ఎక్స్‌క్లూజన్లన్నీ (ఖర్చు ఇవ్వమని చెప్పేవన్నీ) ఒకే రకంగా రాయాలని గైడ్‌లైన్స్ ఇచ్చినారు, అందులో కోడ్ 06 మన బరువుది. ఆ షరతులన్నీ సరిపోతేనే ఖర్చు ఇస్తారు, ఒక్కటి తప్పినా లేదు. డాక్టరు సలహా ఉండాల, వైద్య పద్ధతికి ఒప్పాల, 18 ఏళ్ళు నిండాల, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 40 లేదా పైన ఉండాల. అంత లేకపోతే కనీసం 35 ఉండి, మామూలు పద్ధతుల్లో తగ్గక, దాంతోపాటు నాలుగింట్లో ఒక జబ్బన్నా ఉండాల: బరువు వల్ల వచ్చిన కార్డియోమయోపతి (గుండె కండరం జబ్బు), గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగర్.

నా 91 కేజీలకు బీఎంఐ 36 చిల్లర. షుగర్ లేదు, గుండె బాగుంది, నిద్ర పరీక్ష చేయిస్తే అప్నియా ఉంది గానీ తీవ్రమైనది కాదు. జబ్బు లేదని బాధపడింది నా జన్మలో అదే మొదటిసారి. ఇంకో తమాషా ఏందంటే డాక్టర్ల లెక్క వేరే. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆసియా వాళ్ళకు బీఎంఐ 27.5 దాటితే చాలు, ఆపరేషన్ చెప్పొచ్చని ఉంది. డాక్టరు పుస్తకంలో నేను పాస్, ఇన్సూరెన్స్ పుస్తకంలో ఫెయిల్.

ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ పిల్లోడు అలవాటు కొద్దీ "రివిజన్ బేరియాట్రిక్ సర్జరీ, ఊబకాయం" (అంటే రెండోసారి చేసే బరువు ఆపరేషన్) అని కొట్టి, ఊబకాయానికి వాడే జబ్బు కోడ్ ఈ66 (E66) వేసి గ్రూప్ పాలసీకి ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పంపేసినాడు. క్యాష్‌లెస్ అడిగితే గంటలో జవాబు చెప్పాలని 2024 నుంచి రూల్ ఉంది కదా, అది మాత్రం పాటించినారు, నలభై నిమిషాల్లో తిరస్కరణ వచ్చేసింది.

నేను కౌంటర్ దగ్గరే కూలబడి సర్జన్‌ను పిలిపించినా. ఆయన కాగితం చూసి తలకొట్టుకున్నాడు. అసలు నన్ను ఆపరేషన్‌కి పంపించింది బరువు కాదు గదా, యాసిడ్. స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక వంతు కోసి తీసేసి సన్నటి గొట్టం మాదిరి మిగిలిస్తారు, ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువై కొందరికి యాసిడ్ పైకి తంతుంది, దానికి నిలకడైన మందు బైపాస్‌గా మార్చడం. అప్పుడు ఆయనే స్వయంగా ఒక లెటర్ రాసినాడు: ఎండోస్కోపీలో అన్నవాహిక పుండ్లు గ్రేడ్ సి, 24 గంటల పీహెచ్ పరీక్ష రిజల్టు, మూడేళ్ళు రెండు పూటలా మాత్ర వాడినా తగ్గలేదని ప్రిస్క్రిప్షన్లతో సహా, కాబట్టి ఇది రిఫ్లక్స్‌కి (యాసిడ్ పైకి తన్నే జబ్బుకి) చేసే ఆపరేషన్ అని. ముఖ్య జబ్బు కోడ్ రిఫ్లక్స్‌ది, కే21 (K21). బరువు పెరిగిన సంగతి కూడా రెండో లైన్లో ఉన్నదున్నట్టు రాసినాడు. ఇది గుర్తుపెట్టుకోండి, దాచమని నేను చెప్పడంలే. కోడ్ మార్చి అబద్ధం రాయించుకుంటే పాలసీయే పోతుంది. నిజంగా బరువు కోసమే చేయించుకునేవాళ్ళు కోడ్ 06 గుమ్మం గుండానే పోవాల, రిఫ్లక్స్‌తోనో, తిండి దిగకుండా సన్నబడిన గొట్టంతోనో, మానని పుండుతోనో అవస్థ పడేవాళ్ళు ఆ జబ్బు పేరుతో పోవాల. నేను నా గుమ్మం వదిలేసి పక్కోళ్ళ గుమ్మం ముందర నిలబడినా, అంతే.

సరే, ఇప్పుడు ఆ కాగితం ఏ పాలసీకి పెట్టాల?

గ్రూప్ పాలసీ బలం ఏందంటే చాలావాటికి పాత జబ్బుల వెయిటింగ్ ఉండదు, చేరిన రోజునుంచే లెక్క, మెడికల్ టెస్టుల్లేవు, ఫారంలో ఏం రాసినావు ఏం రాయలేదు అనే తవ్వకం తక్కువ. బలహీనత ఏందంటే అది మనది కాదు. ఉద్యోగం పోతే పాలసీ పోతుంది (అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీగా మార్చుకునే వీలుంది గానీ ఆ తొందర్లో ఎవరికి గుర్తుంటాది). ప్రతి ఏడాదీ కంపెనీ వాళ్ళు బేరమాడి షరతులు మారుస్తుంటారు. మా ఆయన హెచ్ఆర్‌ని బతిమాలి పూర్తి పాలసీ కాపీ తెప్పిస్తే అందులో ఒక లైను దొరికింది: ఏ కారణంతో చేసినా సరే, బేరియాట్రిక్ ఆపరేషన్లకు, రివిజన్‌తో సహా, 2 లక్షల 50 వేలే. మొబైల్ యాప్‌లో "5 లక్షల కవర్" అని పెద్ద అక్షరాల్తో ఉంటుంది, ఈ లైను ఉండదు. కాపీ తెప్పించుకోకుండా గ్రూప్ పాలసీని నమ్మొద్దండీ, అది సంతలో మూట విప్పకుండా కొన్నట్టే.

సొంత పాలసీలో ఇట్లా ఒక్కో ఆపరేషన్‌కి విడిగా పరిమితి (సబ్ లిమిట్) లేదు, కవర్ 10 లక్షలు. కానీ ఈడ తవ్వకం శానా. 2020లో ఫారం నింపేటప్పుడు మా ఏజెంటు "ఆ పాత ఆపరేషన్ రాయకండి మేడమ్, లోడింగ్ వేస్తారు, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడు. నేను సరేనన్నా కూడా. మా ఆయన మాత్రం మొండిగా 2018 స్లీవ్ అని తేదీతో సహా రాయించినాడు, ఆరోజు దాని మీద ఇంట్లో రొంత గొడవ కూడా అయింది. ఆ ఒక్క లైనే ఇప్పుడు కాపాడింది. రాసినాం కాబట్టి అప్పటి పాలసీ ప్రకారం వెయిటింగ్ నాలుగేళ్ళు 2024కి అయిపోయింది. ఇంకోటి, 60 నెలలు ఆపకుండా కట్టినాక, మోసం చేసినారని వాళ్ళు నిరూపిస్తే తప్ప, అది చెప్పలేదు ఇది దాచినావు అని క్లెయిమ్ కొట్టేసేదానికి లేదు. ఇంతకు ముందు ఇది ఎనిమిదేళ్ళు ఉండేది, 2024లో ఐదుకు తెచ్చినారు. మాది 2025లో దాటింది.

అందుకే నా తీర్పు ఇది: రెండూ ఉంటే గ్రూప్ ముందు, సొంతది వెనక. రెండు పాలసీలున్నప్పుడు ముందు దేంట్లో అడగాలనేది మన ఇష్టం, అందులో చాలని మిగతా మొత్తం రెండోదాంట్లో అడగొచ్చు, ఒకే బిల్లుకు రెండుసార్లు మాత్రం తీసుకోకూడదు. గ్రూప్‌లో ఎంత వస్తే అంత, సొంత పాలసీలో కవర్ మీద అంత భారం తగ్గుతుంది. ఒక్కటే ఉంటే, ఐదేళ్ళు దాటిన సొంత పాలసీ మూడు నెలల కిందట చేరిన ఉద్యోగం గ్రూప్ పాలసీ కంటే నాకు నమ్మకం. ఎవరేమన్నా సరే.

మా అక్క కర్నూల్లో ఉంటుంది, ఆమె కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆమెకు మంటా లేదు ఏమీ లేదు, స్లీవ్ తర్వాత బరువు తిరిగొచ్చింది, 155 ఎత్తుకు 99 కేజీలు, బీఎంఐ 41. అంటే కోడ్ 06 గుమ్మంలో నేరుగా పోవచ్చు. కానీ పాలసీ తీసుకుంది 2024 జూన్‌లో, మూడేళ్ళు నిండాలంటే 2027 జూన్. గ్రూప్ లేదు. ఆగడమే మేలు అని నేను, లోన్ తీసుకోమని బావ. మధ్యలో డాక్టరు ఇంజెక్షన్ మొదలుపెట్టినాడు, అదే 2025 మార్చిలో మనదేశానికొచ్చిన మౌంజారో, అది ఇంట్లో వేసుకునే మందు కాబట్టి మామూలు పాలసీల్లో పైసా రాదు. ఇందులో ఉన్న మెలిక చూడండి: ఇంజెక్షన్ పనిచేసి ఆమె 95కి దిగితే బీఎంఐ 40 కిందికి పోతుంది, అప్పుడు ఆ నాలుగు జబ్బుల్లో ఒకటన్నా ఉంటే తప్ప ఆపరేషన్‌కి డబ్బు రాదు, షుగర్ ఉన్నా ఆ ఇంజెక్షనేమో దాన్ని కూడా అదుపులో పెడుతుంది. తగ్గితే ఇన్సూరెన్స్ పోయె, తగ్గకపోతే ఇంజెక్షన్ డబ్బు పోయె. అక్క మాత్రం "తగ్గితే ఆపరేషనే అక్కర్లేదు కదే" అంటుంది ఉగ్గాని తింటా. అదీ నిజమే.

క్యాష్‌లెస్ మేలా, ముందు కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టుకోవడం మేలా అని కూడా శానామంది అడుగుతారు. క్యాష్‌లెస్ వద్దన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు, కట్టేసి అడగొచ్చు. కానీ ఇట్లాంటి వాదన ఉన్న ఆపరేషన్‌కి ముందే అడిగి ముందే కొట్లాడండి, కోత పడకముందు. ఆపరేషన్ అయిపోయినాక కాదంటే అప్పు మన నెత్తిన ఉంటాది, తీరిగ్గా వాళ్ళే ఉంటారు. కాదంటే కంపెనీ గ్రీవెన్స్‌కి (ఫిర్యాదుల విభాగానికి) మెయిల్, నెలలోపల జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇట్లాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి పోవాల, మన ఆంధ్రకీ అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు, కంపెనీ తేల్చిన ఏడాదిలోపల పోవాల. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళ గడువుంది గానీ వాయిదాలకు తిరగాల. నేనైతే ముందు అంబుడ్స్‌మనే అంటా.

ఇంకో మాట, మొదటి ఆపరేషన్ కాగితాలు. డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు దాచాలని వైద్యమండలి నియమం, ఆ తర్వాత ఉంటే మన అదృష్టం. నా 2018 ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జ్ సమ్మరీ బీరువాలో పెళ్ళి చీరల కింద దొరికినాయి. అవి లేకపోతే సర్జన్‌కే లోపల ఏం కోసినారో తెలీదు, ఇంక ఇన్సూరెన్స్ వాళ్ళకేం చెప్తాం.

సర్జన్ లెటర్‌తో రెండోసారి పంపినాక గ్రూప్ పాలసీ వాళ్ళు ఆ 2 లక్షల 50 వేలు ఒప్పుకున్నారు. మిగతా 3 లక్షల 10 వేలు మేం కట్టి, గ్రూప్ వాళ్ళ సెటిల్‌మెంట్ లెటర్ జతచేసి సొంత పాలసీకి పెట్టినాం. ఇప్పటికి రెండు క్వెరీలు అయిపోయినాయి, మొన్న సోమవారం మూడోది వచ్చింది, మొదటి ఆపరేషన్ ముందు బరువెంత అని. 118 అని రాసి పంపించినా. ఇప్పుడు 79 ఉన్నా, రెండు దిండ్లు తీసి అటక మీద పెట్టేసినా.