కోబాల్ట్ బ్లూ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి: ఆయిల్ రంగులు ఆన్‌లైన్‌లో కొనేవారికి హెచ్చరిక

‘ఆర్టిస్ట్ గ్రేడ్’ అన్న పేరుతో పన్నెండు ట్యూబుల ఆయిల్ రంగుల సెట్టు మరీ చవకగా కనబడితే కొనకండి. ఇప్పటికే కొని ఉంటే ట్యూబు మీది లేబుల్ అంచును గోటితో గీకి చూడండి. నేను ఆ పని ఎనిమిది నెలలు ఆలస్యంగా చేశాను.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి ఎర్రమట్టి దిబ్బల దగ్గరకో, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికో వెళ్లి బొమ్మలు వేయడం నా అలవాటు. మన తీరం తూర్పు ముఖం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. ఆ గులాబీ ఆకాశం పావుగంట నిలిస్తే గొప్ప. అందుకని అక్కడ చిన్న కాన్వాసు మీద రంగులు పట్టుకుని, ఫోనులో నాలుగు ఫోటోలు తీసుకుని, పెద్ద బొమ్మ ఇంట్లో పూర్తి చేస్తాను. ఫోటోను ఆకారాల వరకే నమ్ముతాను. నీడలను నల్లగా, ఆకాశాన్ని తెల్లగా మార్చేయడం ఫోను కెమెరాకు మామూలే. ఇంత తెలిసిన నేనే, రంగుల సెట్టును మాత్రం తెర మీది ఫోటో చూసి కొన్నాను!

మొదటి రోజే అనుమానం రావలసింది. అసలు కోబాల్ట్ బ్లూ నెమ్మదైన రంగు. తెలుపులో కొంచెం కలిపితే కొంచెమే నీలమవుతుంది. నా సెట్టులోది బఠాణీ గింజంత కలిపితే పాలెట్ అంతా నీలం చేసింది. దూరపు నీళ్ల కోసం ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) కలిపితే చిలకపచ్చ వచ్చింది. భీమిలి సముద్రం ఏ కాలంలోనూ ఆ రంగులో ఉండదు. తప్పు నా చేతిదే అనుకుని కత్తితో గీకేసి మళ్లీ వేశాను.

ఆ బొమ్మను పెద్దమ్మ గృహప్రవేశానికి కానుకగా ఇచ్చాను. ఏడు నెలల తరువాత వాళ్లింటికి వెళితే, “ఏమిటమ్మా, నీ సముద్రానికి మబ్బు పట్టినట్టుంది?” అంది. నిజమే, ఉదయపు గులాబీ పోయి బూడిద రంగు మిగిలింది. ముందు నా జ్ఞాపకాన్నే అనుమానించాను. బొమ్మను ఫ్రేము నుంచి విప్పాక తేలిపోయింది. ఫ్రేము అంచు కింద వెలుతురు తగలని సన్నటి పట్టీలో గులాబీ రంగు నేను వేసినట్టే, తాజాగా ఉంది.

ఇంటికి వచ్చి ట్యూబులు ముందేసుకున్నాను. టర్పెంటైన్ గుడ్డతో తుడుస్తుంటే నీలం ట్యూబు మీది లేబుల్ జారింది. అది పైన అంటించిన స్టిక్కరు. కింద అసలు లేబుల్ మీద విద్యార్థుల రకమని, రంగు పేరు పక్కన ‘హ్యూ’ అని ఉంది. హ్యూ అంటే అసలు పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) లేకుండా దాని ఛాయను పోలేలా చేసిన రంగు. అలా చేయడం మోసం కాదు, మంచి కంపెనీలూ చేస్తాయి, పైకి రాస్తాయి. ఆ మాట కనబడకుండా స్టిక్కరు వేయడమే మోసం.

కాబట్టి రంగు పేరు కాదు, ఆ పొడిని గుర్తించే పిగ్మెంట్ కోడు చదవండి. అసలు కోబాల్ట్ బ్లూ అయితే పీబీ 28 (పీబీ అంటే పిగ్మెంట్ బ్లూ) అని ఉంటుంది. అల్ట్రామెరైన్ పీబీ 29. పీబీ 15 అని ఉంటే అది థాలో బ్లూ, పైన ఏ పేరు రాసినా సరే. నా పాలెట్‌ను ముంచింది అదేనని నా అనుమానం. ఎరుపుల్లో పీఆర్ 83 అంటే పాత అలిజరిన్ క్రిమ్సన్, తెలుపుతో పలచన చేస్తే వెలుతురుకు ఆగదు. ఆకాశపు గులాబీకి పీవీ 19 (క్వినాక్రిడోన్) వాడుకోండి. కోడే లేని ట్యూబును వెనక్కి పంపేయండి, అదీ మూత తీయకముందే. ‘వాడిన వస్తువు తీసుకోము’ అని నాకు జవాబిచ్చింది ఆ మూత చూపించే.

అనుమానం ఉంటే కాగితం మీద ప్రతి రంగునూ తెలుపుతో కలిపి ఒక పట్టీ వేయండి, సగం మీద వెండి రేకు చుట్టి ఎండ పడే కిటికీకి అంటించండి. నా క్రిమ్సన్ పట్టీలో ఎండ తగిలిన సగం ఆరు వారాల్లో వెలిసిపోయి, రెండు వేరు రంగుల్లా తేలింది.

విచిత్రమేమిటంటే, సెట్టులో చెక్కుచెదరనిది మట్టి ఎరుపు ఒక్కటే. దాన్ని నకలు చేయవలసిన అవసరం ఎవరికీ లేదు. అది ఐరన్ ఆక్సైడ్, చవక సరుకు. ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగు ఇచ్చిందీ అదే. మట్టి రంగులు చవకవి కొన్నా పరవాలేదు, డబ్బంతా నీలాల మీద పెట్టండి. ఒకే కంపెనీలోనూ కోబాల్ట్ ట్యూబు మట్టి రంగుకు రెండు మూడు రెట్లు పలుకుతుంది. పన్నెండూ ఒకే ధరకు ఇస్తున్నారంటే ఎందుకిస్తున్నారో అడగాలి.

అమ్మకందారు సంగతికి వస్తే, నేను ఆన్‌లైన్‌లో రాసిన సమీక్ష తీసేస్తే సగం డబ్బుకు కూపన్ ఇస్తామన్నారు. తీయలేదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం తమకు ఫిర్యాదు అందినట్టు ఈ-కామర్స్ సంస్థ 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. స్టిక్కరు ఊడిన ట్యూబు ఫోటో, పెట్టె, బిల్లు దాచుకోండి. నేను పెట్టె పారేశాను, ఇప్పుడు దాని గురించే అడుగుతున్నారు.

పెద్దమ్మ బొమ్మ ప్రస్తుతం నా ఈజిల్ మీదే ఉంది. ఆకాశం వరకు మళ్లీ వేస్తున్నాను. దిబ్బలను ముట్టుకోవలసిన పని పడలేదు.