ఆరు వారాల కీమో, రేడియేషన్: నాన్నకి వైద్యం చేయించిన చోటు గురించి

మా నాన్నకి 64 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, మూడో స్టేజ్. ఛాతీ మధ్యలో ఉండే గ్రంథులకు పాకింది కాబట్టి ఆపరేషన్ కుదరదన్నారు. మొదట చూపించిన చోట తెమడ పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ అని నాలుగు నెలలు మందులు వాడించారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. హైదరాబాద్‌లో ఈ ఆస్పత్రికి వచ్చేసరికి ఎవర్నీ నమ్మే స్థితిలో లేం. ఇబ్బందులు కూడా చెప్పాలి కాబట్టి పేరు రాయట్లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది, మొదటి రోజే కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మాతో మాట్లాడటం. "ముందు కీమో అయ్యాక రేడియేషన్ పెట్టొచ్చుగా, రెండూ ఒకేసారి అంటే తట్టుకుంటాడా?" అని అడిగాను. కీమో మందు ఒంట్లో ఉన్నప్పుడు క్యాన్సర్ కణాలు రేడియేషన్‌కి తేలిగ్గా లొంగుతాయట. ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చినవాళ్లకన్నా కలిపి ఇచ్చినవాళ్లు ఎక్కువ కాలం బతికారని అమెరికా పరిశోధనలో తేలిందన్నారు. నాన్న బాగానే నడుస్తున్నాడు, ఊపిరి పరీక్ష పర్వాలేదు, అందుకే ఇస్తున్నామన్నారు. డోసు పెంచితే ఇంకా మంచిదేమో అని తమ్ముడు అడిగాడు. 74 గ్రే (రేడియేషన్ డోసుని గ్రేలలో కొలుస్తారు) ఇచ్చి చూస్తే 60 గ్రే కంటే మేలేమీ జరగలేదని ఓపిగ్గా చెప్పారు.

మొత్తం 60 గ్రే, 30 సిట్టింగులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. వారానికోసారి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు ఎక్కించేవాళ్లు. కీమో, రేడియేషన్ రెండూ ఆరోగ్యశ్రీలోనే అయ్యాయి.

ప్లానింగ్ స్కాన్ రోజు నాన్న ఛాతీ మీద, రెండు పక్కలా సూదితో మూడు చుక్కలు పెట్టారు. ఆవగింజంత కూడా ఉండవు. మొదటి సిట్టింగ్‌కి నన్ను మెషీన్ దాకా రానిచ్చారు. గోడల్లోంచి వచ్చే ఎర్ర గీతలు ఆ చుక్కల మీద కలిసేదాకా, నాన్న కింద పరిచిన గుడ్డని చెరోపక్క పట్టుకుని గోరంత గోరంత జరిపారు. తర్వాత నన్ను బయటికి పంపి తలుపేశారు. మైకులో టెక్నీషియన్ అమ్మాయి, "పెద్దాయనా, ఊపిరి మామూలుగా తీసుకోండి, అయిపోవచ్చింది" అంది. ఆ పిల్ల గొంతు వింటే ధైర్యంగా ఉంటుందని నాన్న రోజూ అనేవాడు.

మూడో వారం నుంచి కష్టం మొదలైంది. అన్నవాహిక పుండు పడి ముద్ద మింగితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. పెరుగన్నం మిక్సీ పట్టి, రాగి జావ చల్లార్చి, తినేముందు నొప్పి తెలియకుండా జెల్ తాగించి పట్టేదాన్ని. అయినా నాలుగు కిలోలు తగ్గాడు. ఇలా అవుతుందని ముందే రాసిచ్చారు, కానీ ఆ కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. అమ్మకి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది మారాలి.

ఇంకోటి, నాలుగో వారంలో మెషీన్ రెండు రోజులు పాడైంది. ఫోన్ చేసి చెప్పలేదు. నడవలేని మనిషిని ఆటోలో తీసుకొచ్చి వెనక్కి తీసుకెళ్లాం. మధ్యలో రోజులు పోకూడదని చెప్పింది వాళ్లే. శనివారం ఒక సిట్టింగ్ పెట్టి కొంత సర్దారు.

అయిపోయిన ఆరు వారాలకి పొడి దగ్గు, ఆయాసం వచ్చాయి. మళ్లీ తిరగబెట్టిందేమోనని వణికిపోయాం. ఫోన్ చేస్తే అదే రోజు రమ్మని స్కాన్ తీశారు. రేడియేషన్ వల్ల వచ్చిన వాపు అని తేల్చి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు.

కీమో, రేడియేషన్ తర్వాత ఏడాది పాటు ఇచ్చే దుర్వాలుమాబ్ ఇంజెక్షన్ (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంట్లోని రోగనిరోధక శక్తికి సాయం చేసే మందు) గురించి కూడా చెప్పారు. అది తీసుకున్నవాళ్లలో ఐదేళ్లకి నూటికి దాదాపు 43 మంది బతికి ఉన్నారు, తీసుకోనివాళ్లలో 33 మంది. ఖర్చు లక్షల్లో. మావల్ల కాదని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. డాక్టరు ఒత్తిడి చేయలేదు, నాన్న ముందు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాతి స్కాన్ తేదీ రాసిచ్చారు. వైద్యం అయ్యాక తీసిన మొదటి స్కాన్‌లో గడ్డ సగానికి పైగా తగ్గింది.

వెళ్లేవాళ్లు ముందువైపు గుండీలున్న వదులు చొక్కాలు తీసుకెళ్లండి. పొద్దున ఎనిమిది గంటల స్లాట్ అడగండి, ఆ టైంలో జనం తక్కువ.