ఉద్దానంలో జీడిపూత వాసన కోసం రెండు రాత్రులు

మా చెల్లెలు పెళ్లయ్యాక హిమాచల్‌లో, పాలంపూర్ దగ్గర ఉంటోంది. ఏటా ఫిబ్రవరి చివర్లో వాళ్లింటి వెనక గట్టు మీద పూసిన వయొలెట్ల ఫోటో పంపుతుంది, పంపి ఊరుకోదు, ఫోన్ చేసి మరీ ఊరిస్తుంది. బొటనవేలి గోరంత ఊదారంగు పువ్వు, ఆకుల చాటున ఉంటుందట, కంటికి కనపడేలోపే ముక్కుకి తెలుస్తుందట. అక్కడ బనఫ్షా అంటారు, ఎండబెట్టి దగ్గుకీ జలుబుకీ కషాయం కాచుకుంటారు. ఈసారి మాటల్లో "అన్నయ్యా, మీ శ్రీకాకుళంలో ఇలాంటి వాసనుందా?" అంది. మీ శ్రీకాకుళమట! టెక్కలిలో పుట్టి పెరిగిన మనిషి. ఆ పౌరుషంతోనే మా ఆవిడనీ, ఎనిమిదో తరగతి చదివే మావాడినీ వెంటబెట్టుకుని విశాఖలో పలాస ప్యాసింజర్ ఎక్కాను. శివరాత్రి వెళ్లిన వారం అది. శ్రీకాకుళం తీరాన ఉండే ఉద్దానంలో జీడిమామిడి తోటలన్నీ పూత మీదుండే రోజులు.

పలాసలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. మొదటి రాత్రి అక్కడే లాడ్జిలో దిగడం నా తెలివితక్కువ. "జీడిపప్పు ఊరు కదా, తోటలన్నీ చుట్టూనే ఉంటాయి" అనుకున్నాను. తోటలు చుట్టూ ఉన్న మాట నిజమే, ఊళ్లో ఉన్నవి మాత్రం ఫ్యాక్టరీలు. పిక్కలు ఉడికించి, పెంకు కొట్టి, పప్పు తీసే పని పలాస-కాశీబుగ్గలో వీధివీధికీ జరుగుతుంది. ఆ పెంకులో చేతికి తగిలితే బొబ్బలెక్కించే నూనె ఉంటుంది, ఆ పెంకునే పొయ్యిలో వేస్తే ఎలాంటి పొగ వస్తుందో రాత్రి కిటికీ తీసినప్పుడు తెలిసింది. లాడ్జి సంగతి చెప్పాలంటే, 1,200 రూపాయలు తీసుకున్నారు, వేడినీళ్లు ఏడింటికల్లా ఆపేశారు, తువ్వాలు అడిగితే ఒక్కటే ఇచ్చి "ముగ్గురూ ఒకే ఇంటోళ్లే కదండీ" అన్నాడు కుర్రాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. రాత్రంతా లారీల హారన్లకి మాత్రం కోపమొచ్చింది. పప్పు కొనుక్కోవడానికైతే పలాస రావాల్సిందే, పూర్తి పప్పు, బద్దలు, నూక అని వేరుచేసి అమ్ముతారు, పాయసానికి బద్దలు చాలు, డబ్బు దండగ చేసుకోకండి. పడుకోవడానికి మాత్రం వద్దు.

మర్నాడు ఆటో మాట్లాడుకుని మందస మీదుగా సోంపేట వైపు వెళ్లాం. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూశాం, మనుషులు పల్చగా ఉన్నారు, హాయిగా ఉంది. కోవా మాత్రం తప్పకుండా కొనండి. మేం అరకిలో కొంటే ఊరు దాటేలోపు మావాడు సగం కానిచ్చాడు. దారంతా ఎడం వైపు మహేంద్రగిరి కనపడుతూనే ఉంటుంది. కొండేమో ఒడిశాది, దాన్ని చూస్తూ బతికేది మనవాళ్లు.

రెండో రాత్రి బస మా ఆఫీసు కుర్రాడి మేనత్తగారింట్లో. సోంపేట, బారువ మధ్య చిన్న ఊరు, కొబ్బరిచెట్ల నీడలో పెంకుటిల్లు, వెనక రెండెకరాల జీడితోట. బాత్రూమ్ బయట ఉంది, ఫ్యాన్ చప్పుడు చేస్తుంది, మంచాలు నులకవి. మా ఆవిడ ముందు మొహం చిన్నబుచ్చుకుంది గానీ లేత పనసకాయ కొట్టి ఆవపెట్టి చేసిన కూర పళ్లెంలో పడేసరికి సర్దుకుపోయింది. డబ్బు తీసుకోనంటే తీసుకోనన్నారు అత్తగారు, చివరికి మనవరాలి చేతిలో పెట్టి వచ్చాం.

ఇక అసలు సంగతి. పూల వాసనంటే తెల్లవారుజామునే కదా అని నా లెక్క. అలారం పెట్టుకుని ఐదింటికే అందర్నీ లేపి, చీకట్లో టార్చి వేసుకుని తోటలోకి తీసుకెళ్లాను. ఏమీ లేదు. మంచుకి తడిసిన ఎండుటాకుల వాసన, పక్క సాలలోంచి పేడ వాసన. మావాడు నా వైపు చూసిన చూపు ఇప్పట్లో మర్చిపోను. అలికిడికి లేచొచ్చిన అత్తగారు కొంగు తలమీద కప్పుకుని గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు.

"ఏటి బావూ, చీకట్లో తోటలో ఏటున్నాది? మంచు దిగనీ, ఎండ తగలనీ, అప్పుడు సూడు."

సరే, ఆ మధ్యలో బారువ వెళ్లి సముద్రం చూసొద్దామని బయల్దేరాం. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు అది. పొడుగాటి ఇసుక తీరం, పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు. ఆ సముద్రం చూస్తే దిగాలనిపిస్తుంది గానీ అలల పోటు గట్టిగా ఉంది, పిల్లలున్నవాళ్లు జాగ్రత్త. టిఫిన్‌కి దొరికినవి ఇడ్లీలు, పల్చటి చట్నీ. ఫర్వాలేదు.

తొమ్మిదిన్నరకి తిరిగొచ్చాం. ఆటో దిగి గేటు దగ్గర నిలబడగానే మా ఆవిడ "ఎవరో పాకం పడుతున్నారు" అంది. ఎవరూ పాకం పట్టడం లేదు, అది తోట. ఐదింటికి చచ్చినట్టు పడున్న తోటే ఇది. బెల్లం అప్పుడప్పుడే కరుగుతున్నప్పుడు వచ్చే తీపి వాసనలో, ఎక్కడో అడుగున కాస్త ఘాటు, మామిడి జీడి గిల్లినప్పటి ఘాటు. గాలి ఆగితే చిక్కబడుతుంది, వీస్తే పక్క చెట్టుకి పోతుంది. తేనెటీగల రొద ఎంతుందంటే, ముందు అది ఏదో మోటారు అనుకున్నాను.

తోట మధ్యలో ఒక చెట్టు పక్కకి ఒరిగి నేల మీద పడుకుని ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ పలాస తీరం దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎంత నేలకూలిందో ఇక్కడ ఎవర్ని కదిపినా చెబుతారు. అత్తగారి తోటలో సగానికి పైగా పోయాయట, ఇప్పుడున్న వాటిలో చాలావరకు ఆ తర్వాత నాటినవే. ఈ ఒక్క చెట్టుకీ సగం వేళ్లు మట్టిలో ఉండిపోయాయి. నరకడానికి మనసొప్పక వదిలేశారు. పడుకునే చిగురేసింది, పడుకునే పూస్తోంది. దానివల్ల మాకు జరిగిన మేలేమిటంటే, తలెత్తి చూడాల్సిన పూత మోకాలి ఎత్తులో దొరికింది.

వంగి చూస్తే, పువ్వు నిజానికి ఏమంత పువ్వు కాదు. బియ్యపు గింజకంటే కొంచెం పెద్దది. ఐదు సన్నటి రేకలు, విచ్చుకోగానే వెనక్కి మెలిపడిపోతాయి. కొత్తగా విచ్చినప్పుడు పాలిపోయిన పసుపు, మీద ఎర్రటి గీతలు గీసినట్టుంటాయి. పాతబడేకొద్దీ పువ్వంతా గులాబీ రంగుకి, ఆపైన ఎరుపుకి తిరుగుతుంది. మధ్యలోంచి ఒక్క కేసరం మాత్రం మిగతావాటికంటే పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక్కో గుత్తిలో ఇలాంటివి వందలు, ఎక్కువ మగపూలే, చివరికి పిక్కలై నిలిచేవి ఏ నాలుగో ఐదో. "రాలిపోయేదానికే ఇంత వాసనా?" అన్నాడు మావాడు. నాకు జవాబు తోచలేదు, తేనెటీగ ఒకటి వాడి చెవి దగ్గరికి రావడంతో ఆ సంభాషణ అక్కడితో ఆగింది.

పది నిమిషాలయ్యేసరికి నాకేమీ తెలియడం మానేసింది. ముక్కు పువ్వులో పెట్టినా అంతే. కంగారుపడి నూతి దగ్గరికెళ్లి మొహం కడుక్కుని, కాసేపు నిలబడి తిరిగొస్తే మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రం చెల్లెలికి ఫోన్లో చెబితే "వయొలెట్లూ అంతే అన్నయ్యా, ఉన్నట్టుండి మాయమైపోతుంది" అంది. వాటిలో అయొనోన్లనే పదార్థాలుంటాయి, అవి కాసేపు ముక్కుని మొద్దుబారుస్తాయట. జీడిపూత దగ్గర నాకు జరిగింది మామూలు అలవాటు పడటమే అనుకుంటాను, అయినా గొప్పగా ఉంటుందని అదేనన్నాను.

పదకొండు దాటాక పక్క తోటలో మందు కొట్టడం మొదలుపెట్టారు. పూత మీద టీ దోమ అనే పురుగు పడితే గుత్తికి గుత్తి మాడిపోతుంది, వాళ్ల తప్పేం లేదు. 80 కిలోల బస్తాకి ఎంత ధర పలుకుతుందా అని ఏడాదంతా ఎదురుచూసే మనుషులు మా ముక్కుల గురించి ఆలోచించక్కర్లేదు. కానీ ఆ మందు కంపులో ఇక నిలబడలేకపోయాం. వెళ్లేవాళ్లు ముందురోజే అడిగి వెళ్లండి, మందు కొట్టిన తోటలో పిల్లల్ని పువ్వులు వాసన చూడనివ్వకండి.

తిరుగుదారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఆగాం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని సాకుతాయి, మార్చి వరకూ చూడొచ్చు. పక్షులు వచ్చిన ఏడు ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం, ఎవరూ రాయి విసరరు. అంతా బాగుంది. వాసన మాత్రం, అబ్బో, పొద్దున తోటలో సంపాదించుకున్నదంతా ఆ చెట్ల కింద రెండు నిమిషాల్లో ఖర్చైపోయింది. మీరైతే ఈ ఊరు ముందు చూసి తర్వాత తోటలకి వెళ్లండి.

బయల్దేరే ముందు ఒక చిన్న గుత్తి తుంచి జేబులో పెట్టుకుంటానంటే అత్తగారు ఒప్పుకోలేదు, గుత్తికి నాలుగు పిక్కలు పోతాయి కదా. కింద రాలిన పూలు గుప్పెడు ఏరి కాగితంలో కట్టిచ్చారు. ఆటో ఎక్కుతుంటే గేటు దాకా వచ్చారు.

"పువ్వుకి వొచ్చినావు, పండుకీ రా బావూ. చొక్కా మాత్రం పాతది తొడుక్కో, ఆ పండు మరక పోదు."